పది తర్వాత మెషినిస్ట్ లైను: ఐటీఐ, పాలిటెక్నిక్, సీఐటీడీ, సీఎన్‌సీ కోర్సు... ఎవరికి ఏది?

మెషినిస్ట్ పని, అంటే మిషన్ల మీద లోహాన్ని కొలత ప్రకారం కోసే పని, నేర్చుకోవాలనుకునే పిల్లలు, పంపాలా వద్దా అని ఆలోచించే అమ్మానాన్నలు అడిగే ప్రశ్న ఒక్కటే: ఎక్కడ చేరితే మంచిది? మన దగ్గర దారులు ఐదున్నాయి. ఐటీఐ, పాలిటెక్నిక్ డిప్లొమా, హైదరాబాద్ బాలానగర్‌లో టూల్ డిజైన్ నేర్పే కేంద్ర సంస్థ సీఐటీడీ, రెండు మూడు నెలల ప్రైవేటు సీఎన్‌సీ (కంప్యూటర్ ప్రోగ్రాంతో నడిచే మిషన్ల) కోర్సు, ఏ కోర్సూ లేకుండా నేరుగా షెడ్డులో (చిన్న వర్క్‌షాపులో) హెల్పర్‌గా చేరిపోవడం. ఈ ఐదింట్లోంచీ వచ్చి స్థిరపడ్డవాళ్లని చూశాను. ఈ ఐదింట్లోంచీ వచ్చి ఏళ్ల తరబడి మిషను నడిపించే సైకిల్ స్టార్ట్ బటన్ నొక్కుతూ అక్కడే ఆగిపోయినవాళ్లనీ చూశాను. నేర్చుకునే రోజుల్లో మిషను మీద ఎంతసేపు చెయ్యి పెట్టనిచ్చారు, ఎంత కొలిపించారు అన్న దాన్నిబట్టే చాలామంది జీవితాలు మారాయి. అందుకే ఇక్కడ పోలికంతా ఆ లెక్కలోనే చేస్తాను.

ముందు ఈ లైనులో ఎదగడం అంటే ఏమిటో తెలియాలి, లేకపోతే పోలికకి అర్థం లేదు. సీఎన్‌సీ షాపులో, అంటే వర్క్‌షాపులో, ఆపరేటర్ జాబ్ (కోయాల్సిన ముక్క) మిషను మీద ఎక్కిస్తాడు, బటన్ నొక్కుతాడు, దించి కొలుస్తాడు. సెట్టర్ కొత్త జాబ్‌కి ఫిక్స్చర్ (జాబ్‌ని పట్టి ఉంచే బిగింపు) కట్టి, టూల్స్ పెట్టి, కొలతలు ఎక్కణ్ణుంచి మొదలో మిషనుకి చెప్పే జీ54లో జీరో తీసుకుని, మొదటి పీసు డ్రాయింగ్ ప్రకారం వచ్చేదాకా పూచీ పడతాడు. ఆ పైన ప్రోగ్రామర్. జీతం కంటికి కనిపించేంతగా పెరిగేది ఆపరేటర్ నుంచి సెట్టర్ అయినప్పుడు, కాబట్టి ఏ కోర్సు చూసినా "ఇది నన్ను సెట్టర్‌ని చేసే దారిలో పెడుతుందా" అని అడగండి.

ఒక ఉదాహరణ చెప్తాను. 25.00 మిల్లీమీటర్లు రావాల్సిన షాఫ్ట్ (గుండ్రటి కడ్డీ) 25.04 వచ్చింది. టూల్ అరుగుదలకి సరిదిద్దే ఎక్స్ వేర్ ఆఫ్‌సెట్‌లో 0.04 మైనస్ వేస్తే తర్వాతి పీసు సైజుకి వచ్చేస్తుంది, ఆ మాత్రం ఎవరికైనా ఐదు నిమిషాల్లో నేర్పొచ్చు. మంచి సెట్టర్ ఆ మైనస్ వేసేముందు ఇన్సర్ట్ (టూల్ కొనకి బిగించే కోత ముక్క) అంచు వేలితో తడిమి చూస్తాడు, జాబ్ చల్లారాక కొలిచారా లేదా అని అడుగుతాడు. ఎందుకంటే 25 మిల్లీమీటర్ల ఉక్కు ముక్క 30 డిగ్రీలు వేడెక్కితేనే దాదాపు 9 మైక్రాన్లు (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్) ఉబ్బుతుంది, అదే సైజులో హెచ్7 అనే కచ్చితత్వంతో తీసే బోర్‌కి (రంధ్రానికి) డ్రాయింగ్ ఇచ్చే మొత్తం వెసులుబాటు 21 మైక్రాన్లే. ఇది పుస్తకంలో చదివితే రాదు, మామూలు లేత్ (జాబ్‌ని తిప్పుతూ కోసే మిషను) మీద చేత్తో హ్యాండిల్ తిప్పి, టూల్ తనే గ్రైండ్ చేసుకుని, పది జాబులు పాడుచేసి తిట్లు తిన్నవాడికే తడుతుంది. ఆ అవకాశం ఎక్కడ దొరుకుతుందో వెతకడమే మన పని.

ఐటీఐ

ఎక్కువమందికి నా సలహా ఇదే. పదో తరగతి లెక్కలు, సైన్సుతో పాసై ఉండాలి, 14 ఏళ్లు నిండాలి. మెషినిస్ట్, టర్నర్, ఫిట్టర్ మూడూ రెండేళ్ల ట్రేడులే. ప్రభుత్వ ఐటీఐలో ఫీజు నామమాత్రం. చివర్లో వచ్చే జాతీయ ట్రేడ్ సర్టిఫికెట్ దేశమంతా చెల్లుతుంది.

ట్రేడు ఎంచుకునే దగ్గర పిల్లలు తికమక పడతారు. టర్నర్ దగ్గర జాబ్ తిరుగుతుంది, టూల్ దాని మీదికి వెళ్తుంది, అంటే లేత్. మెషినిస్ట్ దగ్గర ఎక్కువగా జాబ్ టేబుల్ మీద బిగించి ఉంటుంది, కట్టర్ తిరుగుతుంది, అంటే మిల్లింగ్, స్లాటింగ్, గేర్ కటింగ్, గ్రైండింగ్. దాంతోపాటు లేత్ కూడా నేర్పుతారు కాబట్టి మెషినిస్ట్ చదివినవాడు వీఎంసీకీ (సీఎన్‌సీ మిల్లింగ్ మిషను), టర్నింగ్ సెంటర్‌కీ (సీఎన్‌సీ లేత్) రెండింటికీ పనికొస్తాడు. ఫిట్టర్‌కి ప్రభుత్వ నోటిఫికేషన్లలో పోస్టులు ఎక్కువ వస్తాయి, అందుకే అందరూ ఫిట్టర్ వైపు పరుగెత్తుతారు, అక్కడ పోటీ కూడా దానికి తగ్గట్టే ఉంటుంది. సర్కారు ఉద్యోగమే ధ్యేయం అయితే ఫిట్టర్ తప్పేం కాదు. మిషను మీద పనే కావాలంటే మాత్రం మెషినిస్ట్ తీసుకోండి, అది దొరక్కపోతే టర్నర్.

తెలంగాణలో ఇంకో కొత్త మాట వినబడుతుంది, ఏటీసీ. 2024లో మల్లేపల్లిలో శంకుస్థాపన చేసి, 65 ప్రభుత్వ ఐటీఐలని టాటా టెక్నాలజీస్‌తో కలిసి అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని మొదలుపెట్టారు. అక్కడ అడ్వాన్స్‌డ్ సీఎన్‌సీ మెషినింగ్ టెక్నీషియన్ అని రెండేళ్ల ట్రేడు ఉంది. కొత్త మిషన్లు కాబట్టి ప్రైవేటు కంపెనీల్లో చేరాలనుకునేవాళ్లకి ఇది బాగుంటుంది. కానీ రైల్వే, ప్రభుత్వరంగ సంస్థల నోటిఫికేషన్లలో అర్హత దగ్గర ట్రేడు పేర్లు విడివిడిగా రాస్తారు, అక్కడ "మెషినిస్ట్" అని ఉండి మీ సర్టిఫికెట్ మీద వేరే పేరు ఉంటే దరఖాస్తు దగ్గరే ఇబ్బంది రావచ్చు. ప్రభుత్వ ఉద్యోగం మీద ఆశ ఉంటే పాత పేరున్న ట్రేడులో ఉండటమే క్షేమం. సీఎన్‌సీ తర్వాతైనా నేర్చుకోవచ్చు.

ఇక ఐటీఐలు అన్నీ ఒకలా ఉండవు, ఇది గట్టిగా చెప్పాలి. కొన్ని ప్రైవేటు ఐటీఐల్లో హాజరు పట్టీ మీద మాత్రమే క్లాసులు జరుగుతాయి, పిల్లవాడు పరీక్షల రోజు వస్తే చాలని అడ్మిషన్ రోజే చెప్పేస్తారు. అలా చెప్పిన చోటికి దయచేసి వెళ్లకండి, రెండేళ్లూ పోతాయి. చేరేముందు ఒక పనిరోజు మధ్యాహ్నం పూట వెళ్లి వర్క్‌షాపు చూపించమనండి. మిల్లింగ్ మిషన్ టేబుల్ మీద తాజాగా చిప్స్ ఉన్నాయా, దుమ్ము ఉందా చూడండి. లేత్ చక్ (జాబ్‌ని పట్టే భాగం) తెరిచి మూసి చూడండి, బిగుసుకుపోయి ఉంటే ఈ మధ్య ఎవరూ ముట్టుకోలేదని అర్థం. టూల్స్ దాచే గదిలో (టూల్ క్రిబ్) మైక్రోమీటర్లు, అంటే సన్నటి కొలత పరికరాలు, పెట్టెల్లో భద్రంగా ఉన్నాయా, పిల్లల చేతికి వస్తున్నాయా అని రెండో ఏడాది పిల్లవాణ్ణి పక్కకి పిలిచి అడగండి. ఇంకా ధైర్యం ఉంటే, 24 పళ్ల గేరు కోయాలంటే ఇండెక్సింగ్ హెడ్ ఎంత తిప్పాలి అని అడగండి. ఆ హెడ్ హ్యాండిల్ నలభై చుట్లు తిప్పితే జాబ్ ఒక్క చుట్టు తిరుగుతుంది, కాబట్టి నలభైని 24తో భాగిస్తే ఒక పూర్తి చుట్టు, ఇంకో మూడింట రెండొంతులు, అంటే 18 రంధ్రాల వరస మీద 12 రంధ్రాలు. రెండో ఏడాది మెషినిస్ట్ కుర్రాడు ఇది తడుముకోకుండా చెప్పాడంటే ఆ ఇన్‌స్ట్రక్టర్ దగ్గర మీ పిల్లల్ని వదిలి నిశ్చింతగా ఉండొచ్చు.

అప్రెంటిస్‌షిప్

ఐటీఐ పాసవగానే దొరికిన ఉద్యోగంలో దూకేయొద్దు. నా దృష్టిలో ఐటీఐ సగమే, తర్వాతి ఏడాది అప్రెంటిస్‌షిప్ మిగతా సగం. 1961 నాటి అప్రెంటిసెస్ చట్టం కింద మన దగ్గరి కేంద్ర ప్రభుత్వ సంస్థలు, బీహెచ్‌ఈఎల్ రామచంద్రాపురం, బీడీఎల్, మిధాని, ఈసీఐఎల్, ఎన్‌ఎఫ్‌సీ, ఎద్దుమైలారం ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ, విశాఖ నేవల్ డాక్‌యార్డ్ అప్రెంటిస్ స్కూల్, దక్షిణ మధ్య రైల్వే వర్క్‌షాపులు... ఇవన్నీ ఐటీఐ పిల్లల్ని తీసుకుంటాయి. స్టైపెండ్ తక్కువే, 2019 సవరణలో ఐటీఐ వాళ్లకి కనీసం నెలకి 7,000, డిప్లొమా వాళ్లకి 8,000 అని పెట్టారు. బయట ఇంతకంటే ఎక్కువ ఇచ్చే కాంట్రాక్టు ఉద్యోగం దొరుకుతుంది, నిజమే. కానీ ఆ ఏడాది మీరు చూసే మిషన్లు, డ్రాయింగులు, కొలతల గది బయట చిన్న షాపుల్లో కనిపించవు. పైగా రైల్వేలోనే అప్రెంటిస్ చేసి జాతీయ అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్ తెచ్చుకున్నవాళ్లకి రైల్వే లెవెల్ 1 పోస్టుల్లో 20 శాతం కోటా ఉంటుంది.

శిక్షణ అయ్యాక అదే సంస్థ ఉద్యోగం ఇవ్వాలని చట్టంలో ఎక్కడా లేదు. "చేరితే పర్మినెంట్ చేస్తారట" అని ఎవరైనా డబ్బులడిగితే ఒక్క రూపాయి ఇవ్వకండి.

దక్షిణ మధ్య రైల్వే లాంటి చోట్ల అప్రెంటిస్ ఎంపిక రాత పరీక్షతో జరగదు. పదో తరగతి మార్కులూ, ఐటీఐ మార్కులూ కలిపి మెరిట్ జాబితా వేస్తారు. "ఎలాగూ ఐటీఐకే కదా" అని పదిలో చదువు గాలికొదిలేసే పిల్లలకి ఈ విషయం ఎవరూ చెప్పరు. ఇప్పుడు తొమ్మిదో, పదో చదివేవాళ్లు ఇంట్లో ఉంటే ఈరోజే చెప్పండి.

సీఐటీడీ

బాలానగర్‌లో ఉన్న సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్‌ని 1968లో కేంద్ర ప్రభుత్వం ఐక్యరాజ్యసమితి సాయంతో పెట్టింది, ఇప్పుడు ఎంఎస్‌ఎంఈ శాఖ కింద నడుస్తోంది. విజయవాడలోనూ శాఖ ఉంది. పది తర్వాత ప్రవేశ పరీక్ష రాసి నాలుగేళ్ల టూల్, డై అండ్ మౌల్డ్ మేకింగ్ డిప్లొమాలో చేరొచ్చు. ఇది మన రాష్ట్రాల్లో ఈ లైనుకి ఉన్న అన్నింటికంటే మంచి చదువు అని మొహమాటం లేకుండా చెప్తాను. కారణం ఒక్కటే, అక్కడ పరిశ్రమలకి నిజంగా టూల్స్ చేసిచ్చే టూల్ రూమ్ ఉంది. పిల్లలకి ఫైల్ పట్టుకోవడం దగ్గర్నుంచి మొదలుపెట్టి విద్యుత్ మెరుపులతో లోహం కోసే వైర్‌కట్, స్పార్క్ ఎరోజన్, ఆపైన సీఎన్‌సీ దాకా తీసుకెళ్తారు. రేకుని నొక్కి కోసే ప్రెస్ టూల్ డ్రాయింగ్ చేతికిస్తే చదవగలిగి, దాని పంచ్‌కీ (నొక్కే భాగం) డైకీ (కింద ఆనే భాగం) మధ్య ఎంత ఖాళీ వదలాలో చెప్పగలిగిన కుర్రాడికి చెన్నై, బెంగళూరు, పుణె ఎక్కడికెళ్లినా పని ఉంటుంది.

ఇబ్బందులూ ఉన్నాయి. ఫీజు ప్రభుత్వ ఐటీఐతో పోలిస్తే చాలా ఎక్కువ, దానిమీద హాస్టలో గదో చూసుకోవాలి. నాలుగేళ్లంటే ఇంట్లో ఆ నాలుగేళ్లూ పిల్లవాడి సంపాదన కోసం ఎదురుచూడని పరిస్థితి ఉండాలి. ప్రవేశ పరీక్షలో లెక్కలు గట్టిగా రావాలి. ఈ మూడూ కుదిరితే వేరే ఆలోచన వద్దు, అక్కడే చేరండి. కుదరకపోతే బాధపడొద్దు, ఐటీఐ చేసి పనిలో చేరాక సీఐటీడీలోనే సీఎన్‌సీ ప్రోగ్రామింగ్, క్యాడ్ క్యామ్ (కంప్యూటర్‌తో డిజైన్, తయారీ) చిన్న కోర్సులు చేయొచ్చు, ఉద్యోగం చేసేవాళ్లు చాలామంది అలా చేస్తున్నారు. కుషాయిగూడ వైపు ఉండేవాళ్లకి ఈసీఐఎల్ దగ్గర కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్‌ఎస్‌ఐసీ టెక్నికల్ సెంటర్ ఉంది, అదీ చూడండి. విశాఖ వైపు వాళ్లకి పూడిలో ఎంఎస్‌ఎంఈ టెక్నాలజీ సెంటర్ ఉంది.

పాలిటెక్నిక్

పది తర్వాత పాలిసెట్ అనే ప్రవేశ పరీక్ష రాసి మూడేళ్ల మెకానికల్ డిప్లొమా. మంచి చదువే, కాకపోతే అది మెషినిస్ట్‌ని తయారుచేయడానికి పెట్టిన చదువు కాదు. థర్మల్, హైడ్రాలిక్స్, డిజైన్ అన్నీ ఉంటాయి, వర్క్‌షాపు వారంలో కొన్ని గంటలే, అదీ ఒక లేత్ చుట్టూ నలుగురైదుగురు నిలబడి ఒకరు తిప్పుతుంటే మిగతావాళ్లు చూడటం. మా షాపుకి డిప్లొమా పిల్లలు ఇంటర్వ్యూకి వస్తే మెట్లు మెట్లుగా తీసిన ఒక షాఫ్ట్, మైక్రోమీటర్ చేతికిచ్చి కొలవమంటాం. స్లీవ్ (కదలని గొట్టం) మీద 24.5 దాటి థింబుల్ (తిరిగే గొట్టం) మీద 38వ గీత కలిస్తే 24.88 అని చెప్పాలి, అంతే. ఫార్ములాలు గడగడా చెప్పే పిల్లలు ఇక్కడ ఆగిపోవడం చాలాసార్లు చూశాను. తెలివి లేక కాదు, మూడేళ్లలో వాళ్ల చేతికి ఆ పరికరం ఇచ్చిన పూటలు తక్కువ.

బీటెక్ దాకా వెళ్లాలని ఉన్నవాళ్లకి, క్వాలిటీలోనో ప్లానింగ్‌లోనో సూపర్‌వైజర్ కావాలనుకునేవాళ్లకి పాలిటెక్నిక్ సరైనది, ఎందుకంటే డిప్లొమా వాళ్లు రాసే ఈసెట్ పరీక్షతో నేరుగా బీటెక్ రెండో ఏడాదిలోకి వెళ్లొచ్చు. ఐటీఐ చదివితే ఆ తలుపు మూసుకుపోతుందని భయపడేవాళ్లు కూడా ఉన్నారు, అదేం లేదు. రెండేళ్ల ఐటీఐ పాసైనవాళ్లు ఎల్‌పీసెట్ అనే ప్రవేశ పరీక్ష రాసి పాలిటెక్నిక్ రెండో ఏడాదిలో చేరొచ్చు, అక్కణ్ణుంచి మళ్లీ ఈసెట్. అలా ఐటీఐ మీదుగా డిప్లొమాకి వచ్చిన పిల్లవాడికి చేతి పనీ ఉంటుంది, చదువూ ఉంటుంది. ఒక ఏడాది ఎక్కువ పట్టినా నాకు బాగా నచ్చే దారి ఇది.

సీఎన్‌సీ షార్ట్ కోర్సు

బాలానగర్, జీడిమెట్ల, కుషాయిగూడ చుట్టుపక్కల గోడల నిండా ఈ ప్రకటనలే. రెండు నెలల్లో సీఎన్‌సీ, వీఎంసీ, మాస్టర్‌క్యామ్ సాఫ్ట్‌వేర్, వంద శాతం ఉద్యోగం. ఇవి పనికిరానివని అనను, ఐటీఐ అయినవాళ్లకీ, మాన్యువల్ మిషన్ మీద రెండేళ్లు చేసినవాళ్లకీ ఇవి బాగా ఉపయోగపడతాయి, సీఎన్‌సీ మిషన్లని నడిపే ఫానక్ కంట్రోల్ మీద చేయి తిరుగుతుంది, జీతం పెరుగుతుంది. పది పాసై నేరుగా ఇక్కడికి వచ్చేవాళ్ల గురించే నా బెంగ. కోడ్లు బట్టీ పట్టించి, కంప్యూటర్‌లో సిమ్యులేషన్ చూపించి, నిజం మిషన్ మీద నాలుగైదుసార్లు నిలబెట్టి పంపించేస్తారు. ఉద్యోగం ఇప్పిస్తారు, అబద్ధం కాదు, కానీ అది కాంట్రాక్టరు కింద ఆపరేటర్ ఉద్యోగం, పన్నెండు గంటల షిఫ్టు, అక్కణ్ణుంచి పైకి ఎక్కడానికి కావలసిన పునాది చేతిలో ఉండదు. అప్పు చేసి ఫీజు కట్టిన ఇళ్లు నాకు తెలుసు, అందుకే ఇంత గట్టిగా రాస్తున్నాను. చేరాలనుకుంటే రెండు విషయాలు తేల్చుకోండి: నిజమైన మిషన్ ఎన్ని ఉన్నాయి, ఒక్కొక్కరికి రోజుకి ఎంతసేపు ఇస్తారు. జవాబు నసిగితే బయటికి వచ్చేయండి.

నేరుగా షెడ్డులో

ఆటోనగర్‌లోనో బాలానగర్‌లోనో మేస్త్రి దగ్గర హెల్పర్‌గా చేరిపోవడం పాత పద్ధతి. మంచి మేస్త్రి దొరికితే దీన్ని మించిన బడి లేదు, బోర్ తీసేటప్పుడు శబ్దం విని టూల్ పోయిందని చెప్పే మనుషులు వాళ్లు. కాని ఏళ్లు గడిచినా కాగితం ఏమీ ఉండదు, పెద్ద కంపెనీ గేటు దగ్గరే ఆపేస్తారు. రక్షణ సంగతి కూడా చూడాలి: చేతి తొడుగులు వేసుకుని తిరిగే డ్రిల్ దగ్గరికి వెళ్లనిచ్చే షెడ్డులో, కళ్లజోడు అడిగితే నవ్వే షెడ్డులో పిల్లల్ని పెట్టొద్దు. ఇంటి పరిస్థితి వల్ల ఈ దారి తప్పకపోతే పని చేస్తూనే ట్రేడ్ టెస్టుకి ప్రైవేటు అభ్యర్థిగా కూర్చునే వీలు గురించి దగ్గరి ప్రభుత్వ ఐటీఐలో అడగండి.

మరి ఎవరికి ఏది

ఇంట్లో వెంటనే డబ్బు అవసరం ఉండి, పిల్లవాడికి చేతి పని మీద ఇష్టం ఉంటే ప్రభుత్వ ఐటీఐ మెషినిస్ట్, ఆపైన అప్రెంటిస్‌షిప్, మూడేళ్లలో చేతికొస్తాడు. లెక్కలు బాగా వచ్చి, నాలుగేళ్లు ఆగగలిగితే సీఐటీడీ. చదువు మీద మనసు ఎక్కువ, మిషన్ మీద తక్కువ అయితే పాలిటెక్నిక్. ఇప్పటికే ఇంటరో డిగ్రీయో మధ్యలో ఆపేసి ఇరవై దాటినవాళ్లు కూడా ఐటీఐలో చేరొచ్చు, సిగ్గుపడాల్సిన పని లేదు, వాళ్లే ఎక్కువ శ్రద్ధగా నేర్చుకుంటారు కూడా. అయితే అప్రెంటిస్ నోటిఫికేషన్లలో వయసు పరిమితి ఉంటుంది, రైల్వేలో మామూలుగా 24, రిజర్వేషన్ ఉన్నవాళ్లకి సడలింపు. ఆ లెక్క ముందే వేసుకోండి.

అసిస్టెంట్ లోకో పైలట్ కావాలని మెషినిస్ట్‌లో చేరేవాళ్లకి ఒక మాట. ట్రేడు చెల్లుతుంది, కానీ దానికి ఏ-1 వైద్య ప్రమాణం ఉంటుంది, అద్దాలు లేకుండానే చూపు పూర్తిగా ఉండాలి. రెండేళ్లు చదివి, పరీక్ష కూడా పాసై, చివర్లో కళ్ల దగ్గర ఆగిపోయిన పిల్లల బాధ చూడలేం. ముందే ఒకసారి కళ్లు పరీక్ష చేయించండి.

ఆడపిల్లల్ని ఈ లైనుకి పంపొచ్చా అని అడుగుతారు. పంపొచ్చు. సీఎన్‌సీ వచ్చాక బరువులు ఎత్తే పని చాలా తగ్గింది, ఆదిభట్ల ఏరోస్పేస్ కంపెనీల్లో అమ్మాయిలు షాప్‌ఫ్లోర్ మీద చేస్తున్నారు. కొలతల గదిలో వాళ్ల ఓపికకి నాకు చాలా గౌరవం. కాకపోతే కంపెనీ ఎంచుకునేటప్పుడు రాత్రి షిఫ్టుకి బండి పంపుతారా, హాస్టల్ ఎవరు చూసుకుంటారు అన్నవి జీతం కంటే ముందు అడగండి.

ఐటీఐ సీట్లు పది ఫలితాల తర్వాత విడతల వారీగా నింపుతారు. మొదటి విడతలో మెషినిస్ట్ రాకపోతే దొరికిన ట్రేడులో చేరిపోయి కూర్చోకుండా రెండో విడత దాకా చూడండి, ఈ ట్రేడు గురించి తెలిసినవాళ్లు తక్కువ కాబట్టి సీట్లు మిగిలే చోట్లు ఉంటాయి. దరఖాస్తుకి కూర్చునేముందు ఆధార్‌లో పేరు, ఇంటి పేరు, పుట్టిన తేదీ పదో తరగతి మెమోలో ఉన్నట్టే ఉన్నాయో లేదో సరిచూడండి. ఒక అక్షరం తేడా ఉన్నా ఇప్పుడే మీసేవలోనో ఆధార్ కేంద్రంలోనో దిద్దించండి, లేకపోతే రెండేళ్ల తర్వాత అప్రెంటిస్ పోర్టల్‌లో నమోదు దగ్గర అదే తేడా అడ్డం పడుతుంది, నోటిఫికేషన్ గడువేమో మీ కోసం ఆగదు.